సాలూరు ఘాటు మీదుగా దేవమాలి: మూడు రోజులు, రెండు రాత్రులు టెంటులో. ఏం సర్దుకోవాలి?

కోట_జంక్షన్:
అందరికీ నమస్కారం. జనవరి 26 ఈసారి సోమవారం పడింది. నలుగురం శనివారం వేకువనే విజయనగరంలో బయలుదేరి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఘాటెక్కి, సుంకి, పొట్టంగి దాటి ఒడిశాలో ఉన్న దేవమాలి కొండ చూడాలనుకుంటున్నాం. హైవే పట్టుకుని వెళ్ళి ఫొటోలు దిగి వచ్చేయడం కాదు. ఊళ్ళ మధ్య మట్టిరోడ్ల మీద తిరగాలి, రెండు రాత్రులూ టెంట్లలోనే పడుకోవాలి. తిరుగు దారి సెమిలిగుడ, నందపూర్, పాడువా మీదుగా అరకు, అక్కణ్ణుంచి ఎస్.కోట. బండి బొలెరో, ఫోర్ బై ఫోర్ కాదు. టైర్లు ట్యూబ్‌లెస్. టైర్లలో గాలి ఎంత ఉంచాలి? నీళ్ళు, గ్యాసు ఎంత? రాత్రికి ఎలాంటి చోట ఆగాలి? ఎక్కువమంది ఎక్కడ దెబ్బతింటారో కూడా చెబితే మేలు.

సాలూరు_షెడ్డు:
గాలి సంగతి తర్వాత, ముందు బరువు చూడు తమ్ముడూ. నీళ్ళ క్యాన్లు, సిలిండరు, సామాన్ల పెట్టె అన్నీ పైన క్యారియర్ మీదకెక్కిస్తే మలుపుల్లో బండి ఊగిపోతాది. బరువున్నవన్నీ సీటు వెనకాల కిందన పెట్టి తాడుతో బిగించాలి. పైన టెంట్లు, పరుపులు తప్ప ఇంకేం వద్దు.

తారు మీద డోరు దగ్గర స్టిక్కరులో రాసిన గాలే ఉంచు. రాళ్ళబాట, మెత్తటి ఎర్రమట్టి తగిలాక నాలుగో వంతు తగ్గించు. 30 ఉంటే 22, 23. టైరు నేలని ఎక్కువ పట్టుకుంటాది, మొనరాయి తగిలినా లోపలికి నొక్కుకుంటాది గానీ తొందరగా తెగదు. తగ్గించాక 30 స్పీడు దాటకు, తారెక్కగానే మళ్ళీ నింపు. తక్కువ గాలితో ఘాటు దిగితే టైరు పక్కగోడ వేడెక్కి చిరిగిపోతాది. గాలి మిషను బ్యాటరీకి క్లిప్పులు పెట్టే రకం కొను. సిగరెట్ లైటరు సాకెట్‌లో పెట్టేవి ఈ సైజు టైర్లు నింపుతుంటే ఫ్యూజు కొట్టేస్తాయి.

స్టెప్నీ ఉంది కదా అని ధీమాగా ఉండకు. బయల్దేరే ముందు ఇంటి దగ్గరే నాలుగు చక్రాల నట్లూ చేత్తో విప్పి మళ్ళీ బిగించు. షాపుల్లో ఎయిర్ గన్‌తో బిగించేస్తారు, బండితో ఇచ్చిన పొట్టి స్పానరుకి అవి కదలవు. స్పానరు చివర తొడగడానికి రెండడుగుల ఇనప పైపు ముక్క పెట్టుకో. జాకీ కింద వెయ్యడానికి అడుగు చదరం, అంగుళమున్నర మందం చెక్క ఉండాలి. అది లేకపోతే మట్టిలో బండి లేవదు, జాకీయే దిగబడిపోతాది. పుల్ల గుచ్చే పంక్చరు కిట్టు టైరు మధ్యలో పడ్డ చిల్లుకే పనికొస్తాది, పక్కగోడ తెగితే చక్రం మార్చాల్సిందే.

ఇక నీ అసలు ప్రశ్న. ఎక్కువమంది దెబ్బతినేది మట్టిరోడ్డు మీద కాదు, ఘాటు దిగేటప్పుడు. మీరు అరకు నుంచి ఎస్.కోటకి అనంతగిరి ఘాటు దిగేది చివరి రోజు, అలసటతో. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. కాలు అదేపనిగా బ్రేకు మీద ఉంచితే బ్రేక్ ఆయిలు మరిగి, పెడలు మెత్తబడి కిందకి పోతాది. ఆ ఆయిలు గాల్లో తేమ పీల్చుకుంటాది, పాతబడే కొద్దీ తక్కువ వేడికే మరుగుతాది. రెండేళ్ళు దాటితే ముందే మార్పించు. కమురు వాసనొస్తే వెడల్పున్న చోట ఆపి అరగంట వదిలెయ్యి. నీళ్ళు పొయ్యకు, కాలిన డిస్కు వంకరపోతాది. హ్యాండ్ బ్రేకు కూడా లాగకు. గేరులో ఉంచి చక్రానికి రాయి అడ్డం పెట్టు. కదిలేటప్పుడు ఆ రాయి తీసి రోడ్డు పక్కన పడెయ్యడం మర్చిపోవద్దు, చీకట్లో మోటారుసైకిలు మీదొచ్చేవాడి ప్రాణం దాని మీదుంటాది.

డీజిలు సాలూరులోనే ఫుల్ చేయించు. ఇది లారీల ఊరు, బండికి ఏ పనున్నా ఘాటెక్కక ముందే ఇక్కడ తీర్చుకోవాలి.

కొండగాలి:
దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ. పైన చెట్టూ చేమా తక్కువ, అంతా గడ్డి. గాలికి అడ్డే ఉండదు. అందుకని శిఖరం మీద టెంటు వెయ్యకండి. గాలి వచ్చే వైపు కాకుండా రెండో వైపు, గట్టుకి కొంచెం కిందన వేసుకుని తెల్లారగట్ల పైకి నడవండి. టెంటుతో ఇచ్చే సన్నటి మేకులు ఆ గట్టి నేలలో వంగిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో పది అంగుళాల ఇనప మేకులు టెంటుకి పది చొప్పున, ఒక సుత్తి కొనండి. మేకు దిగని చోట సంచిలో రాళ్ళు నింపి తాడు దానికి కట్టండి.

టెంటు కిటికీలు పూర్తిగా మూసేస్తే ఇద్దరి ఊపిరి తేమ పైకప్పుకి పట్టి తెల్లారేసరికి దుప్పట్ల మీద కారుతుంది. చలైనా సరే, రెండు వైపులా బెత్తెడు తెరిచి ఉంచండి. చలి ఎక్కువ నేల నుంచే వస్తుంది కాబట్టి కప్పుకునే రెండో దుప్పటి కన్నా కింద వేసుకునే ఫోము చాప ముఖ్యం. కుంపటి మాత్రం టెంటులోకి తేవద్దు. బొగ్గు విషవాయువుకి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తాగడానికి, వంటకి మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు చాలు, ఊళ్ళలో బోరు కనిపించినప్పుడల్లా నింపుకోండి. వాగు నీళ్ళయితే మరగబెట్టాలి. గ్యాసుకి చిన్న బ్యూటేన్ డబ్బాలు నమ్ముకోవద్దు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ద్రవంగా ఉండిపోతుంది, ఐదారు డిగ్రీల చలిలో మంట నీరసంగా వస్తుంది. ఐదు కేజీల సిలిండరే మేలు. కుక్కరు తప్పనిసరి. అంత ఎత్తులో నీళ్ళు 95 డిగ్రీల లోపే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు ఎంతసేపైనా పలుకుగానే ఉంటుంది. జనవరికి గడ్డి ఎండి ఉంటుంది, నేల మీద మంట అస్సలు వద్దు. రిజర్వు ఫారెస్టు బోర్డున్న చోట రేంజి ఆఫీసులో అడగకుండా రాత్రి ఉండకూడదు.

దారి గురించి ఒక్క మాట. మ్యాపులో కనిపించే గీతల్లో కొన్ని కాలిబాటలు. ఊళ్ళో "రోడ్డుందా?" అని అడిగితే ఉందనే చెబుతారు, వాళ్ళు నడిచే రోడ్డు ఉంది మరి. "సంతకి జీపు ఈ దారినే వస్తుందా?" అని అడగండి. సరైన జవాబు వస్తుంది. సాయంత్రం ఐదున్నర దాటాక వెలుగు తొందరగా పోతుంది, నాలుగింటికల్లా బండి ఆపేసి చోటు చూసుకోవాలి.

కోట_జంక్షన్:
చాలా థాంక్స్ అన్నా, ఇద్దరికీ. ఇంకో రెండు సందేహాలు. వెళ్ళేటప్పుడు కొఠియా ఊళ్ళ మీదుగా వెళ్ళొచ్చా? పాడువా వైపు రాకుండా కొమరాడ, కురుపాం వైపు దిగి రెండో రాత్రి అక్కడుంటే ఎలాగుంటుంది?

ఉద్దానం_జీడితోట:
కురుపాం, కొమరాడ వైపు రాత్రి బసే వద్దు. ఏనుగుల గుంపు ఏళ్ళ తరబడి ఆ మండలాల్లోనే తిరుగుతోంది. ధాన్యం, బెల్లం, ఉప్పు వాసనకి ఇళ్ళ గోడలే పడగొడతాయి, గుడ్డ టెంటు ఎంత? పగలు దాటిపోవాలన్నా ముందు ఊళ్ళో అడిగి కదలండి. ఇదే టెంటుతో ఇంకోసారి మందస వైపు మహేంద్రగిరికి వస్తే మా దగ్గర ఎలుగుబంట్లు. జీడిపళ్ళు, పనసపళ్ళు పండే రోజుల్లో తోటల్లో పడుకోకూడదు.

కొఠియా పగటిపూట వెళ్ళొచ్చు. ఆ ఊళ్ళ కోసం ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అందరి దగ్గరా ఆధార్ కార్డులు, బండి కాగితాలు ఉండాలి. ఎవరైనా ఆపితే నెమ్మదిగా జవాబు చెప్పండి, ఎన్నికల రోజులైతే ఆ దారే మానుకోండి. రాత్రి బస మాత్రం పొట్టంగి వైపే.

మన్యం_నర్సు:
మందుల పెట్టె గురించి ఎవరూ రాయలేదు. మీరు వెళ్ళే కొండల్లో మలేరియాలో ఎక్కువ భాగం ఫాల్సిపారం, అంటే మెదడుకెక్కే రకం. చలికాలంలో దోమ తక్కువే గానీ లేకపోలేదు. పొద్దు గూకగానే ఫుల్ చేతుల చొక్కా, కాళ్ళకి దోమల క్రీము. పొదల్లో, గడ్డిలో ఒళ్ళు వాల్చకండి, స్క్రబ్ టైఫస్ అనే జ్వరం తెచ్చే సన్నటి పురుగు అక్కడే ఉంటుంది. కట్లపాము రాత్రి నిద్రలో ఉన్నవాళ్ళనే కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గంటల తర్వాత కనురెప్పలు వాలిపోతాయి. టెంటు తలుపు జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి, బూట్లు దులిపి తొడుక్కోవాలి. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏదీ వద్దు. కాలు కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి, సిగ్నల్ లేకపోతే మీ బండిలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంటికొచ్చాక నెల లోపు ఎవరికి జ్వరమొచ్చినా పారాసిటమాల్ వేసుకుని ఊరుకోవద్దు. రక్తపరీక్ష చేయించుకోండి, కొండల్లో పడుకున్నామని డాక్టరుకి చెప్పండి. ఒంటి మీద సిగరెట్ కాల్చినట్టు నల్లటి మచ్చ ఎక్కడైనా ఉందేమో చూసుకోండి. చంకలు, నడుం పట్టీ కింద కూడా. స్క్రబ్ టైఫస్‌కి అదే గుర్తు, డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది.