ఘాట్ రోడ్డులో తెరుచుకుంటున్న వ్యాను కబ్బోర్డులు, తెల్లబడిన పాలిష్

గాజువాక వ్యాను:
అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న టెంపో ట్రావెలర్‌ని సీట్లు తీసేసి ఇంటిల్లిపాదీ తిరగడానికి వీలుగా మార్చుకుంటున్నాను. మంచం, వంటగట్టు, మూడు కబ్బోర్డులు నేనే చేశాను. వడ్రంగం నా వృత్తి కాదు, ఆదివారాల పని.

మొన్న ట్రయల్‌కని అరకు బయల్దేరాం. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక మూడో మలుపులోనే పై కబ్బోర్డు తలుపు తెరుచుకుని కందిపప్పు డబ్బా మా అత్తగారి ఒళ్లో పడింది. ఆవిడ మిగతా దారంతా ఆ డబ్బా పట్టుకునే కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

వాడింది 18 ఎంఎం కమర్షియల్ ప్లై, తలుపులకు మాగ్నెట్ క్యాచర్లు. పైన స్పిరిట్ పాలిష్ (స్పిరిట్‌లో కరిగించిన లక్క) వేశాను, అదీ జులై వానల్లో. మూడో కోటు ఆరేసరికి పాలు ఒలికినట్టు తెల్లగా అయింది. ఏటికొప్పాక బొమ్మలకు వేసేదీ లక్కే కదా, అవి ఎందుకు తెల్లబడవు? ఇదంతా గీకేసి సన్‌మైకా అంటించేయనా?

బండి రాజు:
పాలిష్ సంగతి తర్వాత. సీట్లు తీసేశారంటే ఆర్టీఓ దగ్గర అడిగారా? బండిలో చేసే మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకసారి చదవండి.

గోదారి వడ్రంగి:
తమ్ముడూ, మాది రాజమండ్రి. మా నాన్న దగ్గరే పని నేర్చుకున్నాను, కొన్నేళ్లు బోట్లకు లోపలి పని చేశాను. కదిలే వాటికి చేసే పని వేరు, ఇంటి పని వేరు. నువ్వు ఇంటి పని తీసుకెళ్లి బండిలో పెట్టావు.

ముందు బరువు. 18 ఎంఎం షీటు, ఎనిమిది బై నాలుగు, ఒక్కోటి 35 కిలోల దాకా తూగుతుంది. 12 ఎంఎం అయితే 23 లోపే. ఐదు షీట్లకు 60 కిలోలు ఊరికే మోస్తున్నావు. 12 ఎంఎం పక్కలోకి నేరుగా స్క్రూ కొడితే పొరలు విడిపోతాయి, అందుకే మూలల్లో అంగుళం టేకు రీపరు పెట్టి, ఫెవికాల్ రాసి, దానిలోకి బిగించాలి. పెట్టెకు బలం రీపరే ఇస్తుంది, ప్లై కాదు. ఈసారి షీటు మీద 710 ముద్ర చూసి కొను, అది నీటికి తట్టుకునే మెరైన్ ప్లై. కమర్షియల్‌ది వైజాగ్ గాలికి ఉబ్బుతుంది.

అయస్కాంతం ఖాళీ తలుపును పట్టుకుంటుంది. మలుపులో లోపలి డబ్బాలన్నీ కలిసి నెడితే దాని వల్ల కాదు. ప్రతి తలుపుకీ చిన్న టవర్ బోల్టు పెట్టు. అందం పోతుందని మీ ఆవిడ అంటే అత్తగారి పేరు చెప్పు. అర ముందు రెండంగుళాల పట్టీ కొట్టు. సొరుగులకైతే బోట్లలో మేం చేసేది ఇదీ: పట్టాల ముందు అంచున చిన్న గాడి తీస్తాం, మూయగానే సొరుగు అందులోకి దిగి కూర్చుంటుంది. కాస్త ఎత్తితే గాని బయటికి రాదు.

ఇక లక్క. ఏటికొప్పాకలో స్పిరిట్ ఉండదు. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క బిళ్ళ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. నీదాంట్లో స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు చెక్క పైభాగం చల్లబడుతుంది, వాన గాలిలోని చెమ్మ అక్కడ పట్టి పొరలో చిక్కుకుంటుంది. గీకొద్దు. ఎండ కాసిన రోజు మెత్తటి గుడ్డకు స్పిరిట్ తడి తగిలీ తగలనట్టు అద్ది, ఆగకుండా ఒక్క ఊపున తుడుచుకుంటూ పో, చాలామటుకు పోతుంది. కానీ వంటగట్టు మీద స్పిరిట్ పాలిష్ ఉంచకు, వేడి గిన్నె పెడితే మళ్ళీ మచ్చే. అక్కడ మాత్రం పూర్తిగా గీకి, 220 నంబరు గరుకు కాగితం పట్టి, పీయూ (పాలీయురెథేన్ పాలిష్) మూడు పల్చటి కోట్లు వెయ్యి. ప్లై అంచులకు ఇంకొకటి ఎక్కువ. నీళ్లు తాగేది అంచే.

సన్‌మైకా వేస్తే తలుపుకు రెండు వైపులా వెయ్యాలి, లోపల సన్నది చాలు. ఒక్క వైపే వేస్తే తలుపు విల్లులా వంగుతుంది. నేను ఒకప్పుడు ఆ తప్పు చేసి ఏడు తలుపులు సొంత డబ్బుతో మార్చాను.

గ్యాస్ సిలిండరు ఎక్కడ పెట్టావో రాయలేదు. పెట్టిన గూటి అడుగున బయటికి గాలి పోయే రంధ్రం ఉండాలి. గ్యాస్ కిందికే దిగుతుంది.

డాలస్ బండి:
అన్నగారి మాటకు ఒక్కటి కలుపుతాను. తలుపు చుట్టూ 3 ఎంఎం సందు వదలండి. గుంతల్లో బాడీ మెలి తిరుగుతుంది. నా ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యానులో సందు వదలక సొరుగు బిగుసుకుపోయి, చెంచాలన్నీ అందులోనే ఉండి రెండు రోజులు చేత్తోనే తిన్నాం. మనకు అదేం కష్టం కాదనుకోండి.

గాజువాక వ్యాను:
రాజు గారూ, సోమవారం ఆర్టీఓ ఆఫీసుకు వెళ్తున్నాను. వడ్రంగి అన్నా, ఈ రోజు ఎండ కాసింది. గుడ్డ పెట్టి ఒక తలుపు తుడిచాను, తెలుపు పోయింది, ఓ మూల కొద్దిగా మిగిలింది. సిలిండరు గూటికి రంధ్రం లేదు, రేపే వేస్తాను. సొరుగు గాడి ఎంత లోతు తియ్యాలి?

గోదారి వడ్రంగి:
పావు అంగుళం. ముందు పనికిరాని ముక్క మీద తీసి చూసుకో.