సివిల్ కోర్టుల సంస్కరణ సంఘం: కార్యవర్గంలో ప్రాక్టీసు లాయర్లు ఎంతమంది ఉండొచ్చు?

మూడో వాయిదా (చర్చ మొదలు; ఇక్కడి శీర్షికలు రాసినవాళ్ళ మారుపేర్లు)

సివిల్ దావాలు త్వరగా తేలడం కోసం జిల్లా స్థాయిలో ఒక సంఘం పెట్టాలనుకోండి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురుంటే చాలు, రిజిస్టర్ అయిపోతుంది. చిక్కంతా కార్యవర్గంతోనే. నా ప్రతిపాదన ఇది: పదకొండు మందిలో ప్రాక్టీసులో ఉన్న లాయర్లు ముగ్గురికి మించకూడదు. అధ్యక్షుడు, కార్యదర్శి వాళ్ళలోంచి రాకూడదు.

ఎందుకంటారా? 1999లో సి.పి.సి.ని (సివిల్ విధాన స్మృతిని) సవరించి ప్రతివాది వేసే జవాబు దావాకి 30 రోజులే గడువన్నారు. బార్ అసోసియేషన్లు కోర్టులు బహిష్కరించి వీధికెక్కాయి. ఆ సవరణ కాగితం మీదే ఉండిపోయింది. 2002 జులై 1న అమల్లోకి వచ్చేసరికి గడువు 90 రోజులదాకా సాగింది. 2005లో కైలాష్ కేసులో సుప్రీంకోర్టు ఆ 90 రోజులూ తప్పనిసరి కాదు, తగిన కారణం ఉంటే దాటొచ్చు అంది. వాయిదాతో బతికే వృత్తి, వాయిదా తగ్గించే సంఘాన్ని నడుపుతుందా? చెప్పండి.

మున్సిఫ్‌కోర్టు వీధి

మీరు చెప్పిన సంగతులు నిజమే, తీసిన అర్థమే తప్పు. వాయిదాకింత అని ఫీజు తీసుకునే లాయరు ఎక్కువగా కథల్లోనే ఉంటాడు. మన జిల్లాల్లో చాలాచోట్ల సివిల్ దావాకి మొత్తం ఇంత అని మాట్లాడుకుంటారు. పదేళ్ళు సాగితే చివరి విడత ఫీజు రానే రాదు.

అసలు దావా ఎక్కడ ఆగుతుందో మీ కార్యవర్గానికి ఎవరు చెప్పాలి? దావా దాఖలు చేయగానే నంబరు రాదు, ఎస్.ఆర్. నంబరు (కాగితం అందినట్టు వేసే తాత్కాలిక నంబరు) మాత్రమే వస్తుంది. ఆఫీసు అభ్యంతరాలు రాసి తిప్పి పంపుతుంది. ఆస్తి షెడ్యూల్లో హద్దులు సరిగా లేవనో, మార్కెట్ విలువ సర్టిఫికెట్ లేదనో, కోర్టు ఫీజు ఏ సెక్షన్ కింద కట్టారో చూపలేదనో. సరిచేసి మళ్ళీ దాఖలు చేస్తే ఈసారి కొత్త అభ్యంతరం. మొదటిసారే అన్నీ ఎందుకు రాయరు? ఈ ప్రశ్న అడగాలని తట్టేది ఆ కౌంటర్ దగ్గర నిలబడ్డవాడికే.

తర్వాత సమన్లు. బత్తా (సమన్లు అందించే ఖర్చు) కడితే గానీ కదలవు. కట్టాక ‘తలుపు తాళం’ అని ఒకసారి, ‘ఊళ్ళో లేరు’ అని ఇంకోసారి తిరిగొస్తాయి. సి.పి.సి. ఆర్డర్ 5 రూల్ 20 కింద పేపరు ప్రకటనకి పిటిషన్ వేసేటప్పటికి ఎన్నో నెలలు గడిచిపోతాయి. ప్రతివాది చనిపోతే 90 రోజుల్లో వారసుల్ని చేర్చాలి. ఆ సంగతి వాదికి తెలిసేది ఏడాది తర్వాత. అప్పుడు మూడు పిటిషన్లు కలిపి వేయాలి: ఆలస్యం మన్నించమని, అబేట్‌మెంట్ (వారసుల్ని చేర్చనందుకు దావా ఆగిపోవడం) రద్దు చేయమని, వారసుల్ని చేర్చమని. ప్రతి దానికీ అవతలివాళ్ళ కౌంటరు, విచారణ, ఆర్డరు. ఇవేవీ తెలియని పెద్దమనుషులు కార్యవర్గంలో కూర్చుంటే ‘జడ్జీలను పెంచాలి’ అని తీర్మానం చేసి టీ తాగి వెళ్ళిపోతారు.

గణాంకం

వీధి గారూ, తెలిసినవాళ్ళు ఉండాలన్నది ఒప్పుకుంటా. తెలిసినవాళ్ళే తేల్చాలన్నది వేరే మాట. సాంకేతిక ఉపసంఘం పెట్టి అందులో పదిమంది లాయర్లనైనా వేసుకోండి. వాళ్ళు ముసాయిదా రాస్తారు, ఓటు కార్యవర్గానిది.

ఒక చిన్న పరీక్ష. జాతీయ న్యాయ డేటా గ్రిడ్‌లో (కోర్టు కేసుల లెక్కలు చూపే వెబ్‌సైటులో) ఆలస్యానికి కారణాల పట్టీ ఉంటుంది. అందులో ‘లాయరు అందుబాటులో లేరు’ అన్నదీ ఒకటి. కారణం నమోదైన కేసులు కొన్నే, నమోదు చేసేదీ కోర్టు సిబ్బందే. అంచేత ఆ అంకెను కళ్ళు మూసుకుని నమ్మమనడం లేదు. కానీ మీ సంఘం తొలి నివేదిక ఆ వరుసను పైన పెట్టాలా, అడుగున దాచాలా అన్న రోజు ప్రాక్టీసు లాయర్లు ఏడుగురున్న కార్యవర్గం ఏం చేస్తుందో ఊహించుకోండి. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మర్నాడు అదే బార్ రూములో కూర్చోవాలి గదా!

ఇంకో సంగతి. లాయరుకి జీతమిచ్చి పూర్తికాలం డైరెక్టరుగా పెట్టుకుంటే ఆయన ప్రాక్టీసు ఆపాల్సిందే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం 49: పూర్తికాలం జీతపు ఉద్యోగంలో చేరితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి తెలియజేసి ప్రాక్టీసు మానాలి. సంఘాన్ని సొసైటీగా కాక కంపెనీగా పెడితే నియమం 48 వస్తుంది. అది బోర్డులో సభ్యుడిగానో ఛైర్మన్‌గానో ఉండనిస్తుంది, కార్యనిర్వాహక బాధ్యత మాత్రం కుదరదు, మేనేజింగ్ డైరెక్టరుగానో సెక్రటరీగానో ఉండకూడదు. ‘పార్ట్ టైం కార్యదర్శి, గౌరవ వేతనం’ అని కాగితాల్లో రాసి పూర్తికాలం పని చేయించుకునే పద్ధతి ఒకటుంది. బార్ కౌన్సిల్‌కి ఎవరో ఒక అర్జీ పెట్టిన రోజు సంఘం, లాయరు సనదు (ప్రాక్టీసు అనుమతి) రెండూ ఇరుకున పడతాయి.

వాది నం. 1

మరి కక్షిదారులు? దావా వేసినవాడూ దావా పడ్డవాడూ లేని ‘న్యాయ సంస్కరణ’ ఏమిటి? పదకొండులో కనీసం నలుగురు వాళ్ళే ఉండాలి.

మున్సిఫ్‌కోర్టు వీధి

ఉండాలి సరే, ఎవరు వస్తారో ఆలోచించారా? పెండింగు కేసున్న మనిషి సంఘంలో చేరేది సగంసార్లు తన కేసు కోసమే. మొదటి మీటింగు పాలసీ మీద, రెండో మీటింగు ‘మా జడ్జిగారి మీద హైకోర్టుకి రాయండి’ మీద. సంఘం లెటర్‌హెడ్ మీద ఒక ఫలానా జడ్జి పేరు పెట్టి ఆరోపణ రాస్తే 1971 కోర్టు ధిక్కార చట్టం తలుపు తట్టొచ్చు. ఆ కాగితం మీద సంతకం చేసిన కార్యదర్శే ముందు జవాబు చెప్పుకోవాలి.

దీనికి మందు బైలాలోనే ఉంది. ప్రతి సభ్యుడూ తన మీద, భార్య లేదా భర్త మీద, తోడబుట్టినవాళ్ళ మీద ఉన్న పెండింగు కేసుల నంబర్లు ఏటా రాసివ్వాలి. ఆ కోర్టుకి సంబంధించిన చర్చలో ఓటు వేయకూడదు. విడి కేసు మీద, విడి జడ్జి మీద సంఘం ఏమీ రాయదని ఒక వాక్యం. నివేదికల్లో కోర్టుల వారీ లెక్కలు ఉండొచ్చు, జడ్జి పేరు వద్దు. ఈ నాలుగూ పెడితే కక్షిదారులు నలుగురేం, ఐదుగురైనా నాకు సమ్మతమే.

బత్తా మెమో

అందరూ లాయరా, జడ్జా, కక్షిదారా అంటున్నారు. కోర్టును రోజూ నడిపే మనిషిని ఎవరూ తలవడం లేదు. నా లెక్కలో ఇలాంటి సంఘానికి అన్నిటికన్నా అవసరమైన మనిషి రిటైరైన నాజరు (సమన్లు పంపే విభాగం అధికారి). ఆ తర్వాత రిటైరైన శిరస్తాదారు (కోర్టు ఆఫీసు పెద్ద).

సమన్లు ఎందుకు ఆలస్యం అవుతాయో పైన వీధి గారు బయటినుంచి చెప్పారు. లోపలినుంచి చూస్తే ఇలా ఉంటుంది. బత్తా మెమో కట్టడం ఒక రోజు, సెక్షన్ క్లర్కు ప్రాసెస్ (సమన్ల కాగితం) రాయడం ఇంకో రోజు, సంతకం మరో రోజు, అప్పుడు నజారత్‌కి (నాజరు విభాగానికి) చేరుతుంది. అక్కడ ఊళ్ళ వారీగా పంచుతారు. సమన్లు అందించే ప్రాసెస్ సర్వరు చేతిలో ఒకే దిక్కుకి వెళ్ళే కట్ట తయారైతే గానీ బయల్దేరడు. వాయిదా నాలుగు వారాలకి వేస్తే అందులో మూడు వారాలు ఆఫీసులోనే అయిపోతాయి. చేరేది వాయిదా దాటాక. ‘కాలాతీతం’ అని రాసి తిప్పి పంపుతారు, మళ్ళీ బత్తా. దీనికి పార్లమెంటులో చట్టం అక్కర్లేదు. బత్తా కట్టిన నాటినుంచి ఎన్ని రోజుల్లో నజారత్ చేరాలో జిల్లా జడ్జి పరిపాలనా ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. ఈ ముక్క మాజీ ఐ.ఏ.ఎస్.లకీ రిటైర్డ్ జస్టిస్‌లకీ తట్టదు. వాళ్ళు ‘మౌలిక సదుపాయాలు’ అంటారు.

ఇ.పి.ల (డిక్రీ అమలు పిటిషన్ల) సంగతీ అంతే. డిక్రీ వచ్చాక అమలు పిటిషన్ ఆరు నెలల్లో తేల్చాలని, తేలకపోతే కారణాలు రాయాలని 2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో లెక్క తీస్తే దేశమంతా 8.8 లక్షల ఇ.పి.లు పెండింగు! అమీనా (డిక్రీ అమలు చేసే కోర్టు ఉద్యోగి) స్వాధీనం ఇప్పించడానికి వెళ్తే పోలీసు సాయం ఏ రోజు దొరుకుతుంది, సర్వేయరు ఏ రోజు వస్తాడు, ఈ రెండూ ఒకే రోజుకి కుదరవు. అక్కడే కూలబడుతుంది.

మూడో వాయిదా

మెమో గారూ, అది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. ఒక స్థానం రిటైర్డ్ కోర్టు సిబ్బందికి ఖాయం చేద్దాం. రిటైర్డ్ జడ్జి మాటేమిటి? అధ్యక్షుడిగా పెడితే పేరొస్తుంది గదా.

గణాంకం

పేరు కోసమైతే వద్దు. పని కోసమైతే ఎక్కడ పనికొస్తారో చూడండి. సి.పి.సి. సెక్షన్ 122 కింద సివిల్ విధానపు నియమాలు మార్చే అధికారం హైకోర్టుకి ఉంది. సెక్షన్ 123 ప్రకారం దానికొక రూల్ కమిటీ ఉంటుంది, అందులో హైకోర్టు జడ్జీలు ముగ్గురు, న్యాయవాదులు ఇద్దరు, కింది సివిల్ కోర్టు జడ్జి ఒకరు. మీ ప్రతిపాదన ఆ కమిటీ చదివే భాషలో ఉండాలి: ఫలానా ఆర్డర్, ఫలానా రూల్, ఈ మాట తీసి ఈ మాట పెట్టండి అని. అది రాయగలిగేది కింది కోర్టునుంచి మెట్టు మెట్టుగా పైకొచ్చిన మాజీ జడ్జి. బార్ నుంచి నేరుగా హైకోర్టుకి వెళ్ళినవాళ్ళకి ట్రయల్ కోర్టు ఆఫీసు గోల అంతగా తెలియదు. కోర్టు ఫీజు మాత్రం రాజ్యాంగం రెండో జాబితాలోది (రాష్ట్రాల జాబితా), దానికి సచివాలయం గడప తొక్కాలి. రెండు తలుపులకీ ఒకే మనిషిని పంపితే పని కాదు.

బెంగళూరులో 2008లో మొదలైన ‘దక్ష్’ను చూడండి. పెట్టినవాళ్ళలో ఒకరు లాయరు, ఒకరు సాఫ్ట్‌వేర్ వ్యాపారి. కోర్టు డేటా మీద వాళ్ళు చేసిన పనికి ఆ జోడీయే కారణమని నా అభిప్రాయం. డేటా తెలిసిన మనిషి లేకపోతే ‘డిస్పోజల్’ అన్న ఒక్క మాటలోనే మోసపోతారు. పూర్తి విచారణ జరిగి తీర్పొచ్చినదీ, వాది రాలేదని కొట్టేసినదీ రెండూ డిస్పోజలే. ఇరుపక్షాలూ వాదించి తేలినవి, వాదన లేకుండా తేలినవి విడదీయకుండా సగటు తీస్తే, దావాలు కొట్టేసే కోర్టే చురుకైన కోర్టుగా కనిపిస్తుంది.

ఫోర్ట్‌బెండ్ (టెక్సాస్)

ఒకే పక్షం చేతిలో నాయకత్వం ఉంటే ఏమవుతుందో ఇక్కడినుంచి ఒక ఉదాహరణ. మా దగ్గర ‘సివిల్ న్యాయ సంస్కరణ’ అంటే దావా త్వరగా తేలడం కాదు, దావాలూ పరిహారాలూ తగ్గడం. టెక్సన్స్ ఫర్ లాసూట్ రిఫార్మ్ అనే సంస్థ 1994లో హ్యూస్టన్‌లో పుట్టింది. పెట్టినవాళ్ళు ఇళ్ళు కట్టే బిల్డర్ రిచర్డ్ వీక్లీ, ఇంకొందరు వ్యాపార ప్రముఖులు. ఎన్నికల విరాళాలకి వేరే కమిటీ పెట్టుకున్నారు. 2003లో చట్టం తెచ్చారు, టెక్సాస్ రాజ్యాంగ సవరణ ప్రతిపాదన 12 ఓటింగులో 51 శాతంతో గట్టెక్కింది. వైద్య నిర్లక్ష్యం కేసుల్లో నొప్పి, వేదన లాంటి నష్టానికి డాక్టర్ల వైపు పరిమితి 2.5 లక్షల డాలర్లు. ధరలు పెరిగినా ఆ అంకె అంతే.

ఇక్కడి మన తెలుగు డాక్టర్లలో దీన్ని మెచ్చేవాళ్ళు చాలామంది. నేనూ పూర్తిగా తప్పనను. కానీ జీతం లేని గృహిణి, పిల్లవాడు, వృద్ధుడు నష్టపోతే ఆర్థిక నష్టం లెక్కకు రాదు. గెలిస్తే వాటా తీసుకునే లాయరు ఆ కేసు పట్టుకోడు. నాయకత్వంలో రోగి వైపు మనిషి ఒక్కడున్నా కనీసం ధరలతో పాటు పెరిగే పరిమితి అడిగేవాడేమో. అలాగని కలగాపులగం కార్యవర్గం అంత పని సాధించేదా అంటే, అదీ అనుమానమే. ఒకే మాట మీద ఉన్నారు కాబట్టే అంత దూరం వెళ్ళారు.

డబ్బు గురించి ఒక హెచ్చరిక. అమెరికానుంచి చందా వస్తుందని ఆశపడేముందు చూసుకోండి. భారత పాస్‌పోర్టున్న ఎన్.ఆర్.ఐ. తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాడు పంపితే, ఓ.సి.ఐ. కార్డున్నా సరే, విదేశీ విరాళమే, ఎఫ్.సి.ఆర్.ఏ. (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ కావాలి. మామూలు రిజిస్ట్రేషన్‌కి సంఘానికి మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో 15 లక్షల ఖర్చు చూపాలి. కోశాధికారిగా ఈ తేడా తెలిసినవాణ్ణి పెట్టండి.

మూడో వాయిదా

సరే, సవరించిన ముసాయిదా: ప్రాక్టీసు లాయర్లు ముగ్గురు, కక్షిదారులు నలుగురు, రిటైర్డ్ ట్రయల్ జడ్జి ఒకరు, రిటైర్డ్ సిబ్బంది ఒకరు, డేటా మనిషి ఒకరు, కోశాధికారి ఒకరు. మొత్తం పదకొండు. కోరం ఐదు.

బత్తా మెమో

కోరం దగ్గర దెబ్బ తింటారు. ఐదుగురితో మీటింగు జరుగుతుంది. కక్షిదారులు పల్లెల్లోంచి రావాలి, రారు. లాయర్లు ముగ్గురూ కోర్టు అయ్యాక నడిచొస్తారు. ఐదులో ముగ్గురు. మీ ముగ్గురి పరిమితి పేపరు మీద, మెజారిటీ గదిలో!

మున్సిఫ్‌కోర్టు వీధి

ఇది నేనే చెబుదామనుకున్నా, మెమో గారు ముందే పట్టేశారు. హాజరైనవాళ్ళలో లాయర్లు సగానికి చేరితే ఓటింగు వాయిదా వేయాలని రాయండి. అవును, వాయిదానే. పల్లెవాళ్ళకి బస్సు ఛార్జీ సంఘం ఇవ్వాలి. మీటింగు పగటిపూట, శనివారం.

గణాంకం

రెండో శనివారం మాత్రం వద్దు. జాతీయ లోక్ అదాలత్ ఎక్కువగా ఆ రోజే పెడతారు, సగం మంది కోర్టులోనే ఉంటారు.