24 ఫ్లాగులు, 8 బిల్డులు: పెయిర్‌వైజ్‌ని నమ్మొచ్చా?

నిద్రలేని_బిల్డు:
మా ప్రోడక్ట్‌లో ఆన్/ఆఫ్ ఫ్లాగులు (ఏ ఫీచర్ ఉండాలో వద్దో చెప్పే స్విచ్‌లు) 24 ఉన్నాయండి. ఒక్కో కాంబినేషన్‌తో ప్రోగ్రాం కట్టడం (అదే బిల్డు), టెస్టులు కలిపి 10 నిమిషాలు, అన్ని కాంబినేషన్లూ అంటే 1,67,77,216, లెక్కేస్తే 319 ఏళ్ళు, రిపోర్ట్ మునిమనవలు కూడా చూడలేరు 😀 ఇన్నాళ్ళూ డిఫాల్ట్ ఒక్కటే టెస్ట్ చేసి పంపేస్తున్నాం, పోయిన వారం ఒకాయన కాష్ ఆన్, ఎన్‌క్రిప్షన్ ఆఫ్ పెట్టగానే ఢమాల్. ర్యాండమ్‌గా ఓ 50 తీసుకుంటే చాలా?

పాతకాపు:
ముందు పెయిర్‌వైజ్ చూడండి. ఏ రెండు ఫ్లాగులు తీసుకున్నా వాటి నాలుగు కాంబినేషన్లూ ఎక్కడో ఒక బిల్డులో పడాలి, అంతే రూలు. షరతులు లేకపోతే 24కి 8 బిల్డులు చాలు, నిజంగా ఎనిమిదే, 35 ఫ్లాగుల దాకా అవే సరిపోతాయి. ఆ బిల్డుల జాబితా తయారుచేసిచ్చే టూల్, మైక్రోసాఫ్ట్ వాళ్ళ పిక్ట్, ఫ్రీనే. మీ కాష్ గొడవ రెండు ఫ్లాగులదే అయితే ఇందులో పడేది.

నిద్రలేని_బిల్డు:
ఎనిమిదా!! కానీ మాకు షరతులున్నాయే, ఆఫ్‌లైన్ ఆన్ అయితే సింక్ ఆఫ్ ఉండాల్సిందే. జాబితాలో చెల్లని వరసలు (వరసకో బిల్డు కదా) తీసేస్తే పోతుందా?

పాతకాపు:
అయ్యో తీసేయకండి, ఒక్కో వరస 276 జతల్ని మోస్తుంది, అన్నీ దాంతోపాటే పోతాయి. షరతు టూల్‌కే రాసివ్వండి. ఇంకోటి, ఒక వరస బూట్ దగ్గరే పడిపోతే అందులో మిగతా జతలు టెస్టయినట్టు కాదు, ఫిక్స్ చేసి మళ్ళీ తిప్పాలి. మేం ఇది పట్టించుకోక ఒక రిలీజంతా కవరేజ్ వందశాతం అని మురిసిపోయాం.

ఇఫ్‌డెఫ్_బాధితుడు:
ర్యాండమ్ గురించి ఎవరూ చెప్పలేదేంటి. లైనక్స్ కెర్నెల్‌లో ఆప్షన్లని ర్యాండమ్‌గా ఎంచే ర్యాండ్‌కాన్ఫిగ్ ఉంది కదా, అది అన్నిటికీ సమానంగా ఏం రాదు, పైన మెనూ ఆఫ్ పడితే దాని కిందవన్నీ గల్లంతే, లోపలెక్కడో ఉన్న ఆప్షన్ వంతు ఎప్పటికో. జేహిప్‌స్టర్ (వెబ్ యాప్‌లకి కోడ్ తయారుచేసిచ్చే టూల్) మీద మాత్రం పరిశోధకులు 26,256 కాన్ఫిగరేషన్లూ నిజంగానే కట్టి చూశారు, 35.70% ఫెయిల్, తీరా తవ్వితే దాదాపు అన్నిటికీ మూలం ఆరే ఆరు ఇంటరాక్షన్లు, అంటే కొన్ని ఆప్షన్లు కలిస్తేనే వచ్చే గొడవలు. అందుకే ఫెయిల్యూర్లు లెక్కపెట్టి భయపడకండి, కారణాలు లెక్కపెట్టండి.
పెయిర్‌వైజ్‌తో పాటు వీలైనన్ని ఆన్ పెట్టి ఒక్కోసారి ఒక్కటే ఆఫ్ చేస్తూ కూడా తిప్పండి. ఇఫ్‌డెఫ్ (ఫ్లాగ్ ఆన్ ఉంటేనే కంపైలయ్యే కోడ్ ముక్క) లోపల డిక్లేర్ చేసిన వేరియబుల్‌ని బయట వాడేసే మహానుభావులు ప్రతి టీంలోనూ ఉంటారు.

నిద్రలేని_బిల్డు:
రాత్రికి పెట్టా. ఎడిట్: మూడో బిల్డుకే దొరికింది, లాగింగ్ ఆఫ్ చేస్తే కంపైలే అవట్లేదు 🤦 ఆ మహానుభావుడు నేనే.