మేరీ రీబీ విచారణ తేదీని ఏ మూలపత్రంతో నిర్ధారించుకోవాలి?

గుర్రాన్ని దొంగిలించిన నేరానికి ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ న్యాయస్థానం ఏడేళ్ల ప్రవాస శిక్ష విధించగా, 1792 అక్టోబరులో రాయల్ అడ్మిరల్ ఓడలో సిడ్నీ చేరి, తరువాత అక్కడే పేరున్న వ్యాపారిగా స్థిరపడిన మేరీ రీబీపై తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఆస్ట్రేలియా ఇరవై డాలర్ల నోటుపై కనిపించేది ఈమె బొమ్మే.

చిక్కంతా విచారణ తేదీ దగ్గర వచ్చింది. కొన్ని రచనలు 1790 జులై అంటుండగా, మరికొన్ని 1791 ఆగస్టు అంటున్నాయి. ఆమె 1777లో పుట్టింది గనుక, శిక్ష పడేనాటికి పదమూడేళ్లా పద్నాలుగేళ్లా అన్నది దీనిపైనే ఆధారపడుతుంది.

లండన్‌లోని నేర న్యాయస్థానమైన ఓల్డ్ బెయిలీ విచారణల ఆన్‌లైన్ సంకలనం ప్రధానంగా లండన్ కేసులకే పరిమితం కావడంతో అందులో ఫలితం లేకపోయింది. పట్టుబడినప్పుడు ఆమె మగపిల్లవాడి వేషంలో జేమ్స్ బరో అనే పేరుతో ఉంది కాబట్టి, ఖైదీల ఓడల రిజిస్టర్లలో ఆ పేరుతోను, పుట్టింటి పేరైన హేడాక్‌తోను, స్పెల్లింగు మార్చి మార్చి వెతికినా సందేహం తీరలేదు. తరువాతి పుస్తకాలు ఒకదాన్ని చూసి మరొకటి రాసినట్టున్నాయి, వాటిని సాక్ష్యంగా తీసుకోలేను.

లండన్ శివారు క్యూలోని జాతీయ అభిలేఖాగారంలో ఉండే ఆనాటి సంచార న్యాయస్థానాల (న్యాయమూర్తులు ఊరూరా తిరిగి విచారణ జరిపే అసైజ్ కోర్టుల) పత్రాలలో స్టాఫర్డ్ నేరారోపణ పత్రాన్ని భారతదేశం నుంచే వెతికించి నకలు తెప్పించుకోవాలంటే, ఏ వివరాలతో, ఎలా దరఖాస్తు చేయాలి?