సేక్రెడ్ ఫైర్‌ను ‘వీళ్ల హోమం’ అంటే తప్పేముంది?

గోదారోడు_కిచెనర్

సెప్టెంబర్ 30న మా కాలేజీ వెనక మైదానంలో సేక్రెడ్ ఫైర్, అంటే ఆదివాసీల పవిత్రమైన మంట, వెలిగించారు. తెలియనివాళ్ల కోసం: ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి లాక్కెళ్లి పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్లు ఉండేవి కదా, వాటిలో చనిపోయిన పిల్లల్ని, బతికి బయటపడ్డవాళ్లని తలుచుకోవడానికి కెనడా 2021 నుంచి ఈ రోజును పాటిస్తోంది. మా తెలుగు బ్యాచ్ కూడా వెళ్లింది. దూరం నుంచి చిన్న వీడియో తీసి, “ఖండాలు దాటినా అగ్ని ఒక్కటే, ఇది వీళ్ల హోమం” అని రాసి రీల్ పెట్టాను. గంటలో ఇద్దరు సీనియర్లు ఫోన్ చేసి తీసేయమని ఒకటే గొడవ.

నాకు అర్థం కానిది ఒక్కటే. వాళ్లు పొగాకు సమర్పిస్తారు, మనం నెయ్యి పోస్తాం. వాళ్లకు నాలుగు దిక్కులు ముఖ్యం, మనకూ అంతే. చుట్టూ ప్రదక్షిణ కూడా చేస్తున్నారు. నిప్పు సాక్షిగా పెళ్లి చేసుకునే జాతి మనది. ఇంకో జాతి నిప్పుకు దణ్ణం పెడుతుంటే “అరె, మనలాంటివాళ్లే” అనుకోవడం పొగడ్తే కదా. ఇందులో అవమానం ఎక్కడుందో చెప్పండి, రీల్ తీసేస్తాను.

తిక్క_శంకరయ్య

పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చున్నా.

వాణి_విన్నిపెగ్

తమ్ముడూ, అవమానం అని నేను అనను. కానీ నీ క్యాప్షన్‌లో ఆ పిల్లలు ఎక్కడా లేరు, చూసుకో. వాళ్ల కోసం వెలిగించిన మంట అది. నువ్వు రాసిన వాక్యంలో ఉన్నది మన అగ్ని, మన హోమం.

నేను ఇక్కడ సోషల్ వర్క్ చేస్తాను, ఆనిషినాబే అనే ఆదివాసీ జాతి పెద్దలతో పని ఎక్కువ. వాళ్ల దగ్గర చూసినది చెబుతాను. మంటను కనిపెట్టుకుని ఉండేవాళ్లను ఫైర్ కీపర్లు అంటారు, ఎక్కువగా మగవాళ్లే. ఒకసారి వెలిగించాక ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిందే, అర్ధరాత్రి మంచు కురుస్తున్నా సరే. ఎవరైనా పోతే నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు ఆరకుండా చూస్తారు. ఆత్మ అవతలి లోకానికి చేరడానికి నాలుగు రోజులు పడుతుందనీ, దారిలో ఆ వెలుగు తోడుంటుందనీ నమ్మకం. పక్కనే ఒక గిన్నెలో పొగాకు ఉంటుంది. చిటికెడు ఎడమ చేతిలోకి తీసుకుంటారు, అది గుండెకు దగ్గరి చెయ్యి కాబట్టి. చెప్పుకోవాల్సింది మనసులో చెప్పుకుని మంటలో వేస్తారు. మన తరఫున సంకల్పం చెప్పే పురోహితుడు ఉండడు. పూర్ణాహుతి లాంటిది నేనైతే చూడలేదు. చివర్లో నీళ్లు పోయరు, కట్టెలు వేయడం మానేస్తారు, అది తనంతట తానే ఆరిపోవాలి.

ఇంకో సంగతి. ఆ రెసిడెన్షియల్ స్కూళ్ల నిజాలు వినడానికి పెట్టిన ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ 2010లో ఇక్కడ విన్నిపెగ్‌లోనే మొదటి జాతీయ సభ పెట్టింది. ఆ తర్వాత వేరే ఊళ్లలో. ఆ సభల్లో అరవై, డెబ్భై ఏళ్లవాళ్లు మైకు ముందు కూర్చుని చిన్నప్పుడు తమకు జరిగింది చెప్పారు. ఏడ్చినవాళ్లు కళ్లు తుడుచుకున్న టిష్యూలను చెత్తబుట్టలో వేయనివ్వలేదు. వాలంటీర్లు వాటిని కాగితం సంచుల్లో పోగుచేసి బయట వెలుగుతున్న సేక్రెడ్ ఫైర్‌లో వేశారు. ఇప్పుడు చెప్పు, ఇది మన హోమంలో దేనికి సమానం?

మూడోబెంచి

వాణి గారూ, బాగా చెప్పారు. కానీ అందరూ పక్కకు తోసే ప్రశ్న ఒకటుంది, నేను అడిగేస్తాను. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు ఆ మంట దగ్గరికి రాకూడదంటారు కదా? పొడుగు స్కర్ట్ వేసుకుని రమ్మంటారు కదా? ఇదే మాట మన గుడి ముందు బోర్డు మీద కనిపిస్తే మీలాంటివాళ్లు పది పోస్టులు పెడతారు. వాళ్లదైతే సంస్కృతి, మనదైతే మూఢనమ్మకమా?

ఇంకోటి. మా హాస్టల్లో వినాయక చవితికి సాంబ్రాణి వేస్తే ఫైర్ అలారం మోగింది, ఫైన్ కట్టించుకున్నారు. అదే బిల్డింగ్‌లో వాళ్లు శుద్ధి కోసం సేజ్ ఆకు కాల్చుకోవడానికి మాత్రం ఒక గది ఉంది. సమానత్వం అంటే ఇదేనా?

గోదారోడు_కిచెనర్

+1 బ్రో. సాంబ్రాణి పాయింట్‌కు జవాబు కావాలి.

వాణి_విన్నిపెగ్

మూడోబెంచి గారూ, మొదటిది నిజమే. చాలా చోట్ల ఆ నియమం ఉంది. వాళ్లు మైల అనరు. ఆ రోజుల్లో ఆడదాని శక్తి ఎక్కువగా ఉంటుందనీ, ఆమె స్వయంగా ఒక సెరిమనీలో ఉన్నట్టేననీ చెబుతారు. నాకు ఈ వివరణ పూర్తిగా మింగుడు పడదు. మన వైపు కూడా ఇలాంటి తియ్యటి వివరణలు చిన్నప్పటి నుంచి విన్నదాన్నే. కానీ ఆ నియమాన్ని వాళ్లలోనే ప్రశ్నిస్తున్న ఆడవాళ్లు ఉన్నారు, సడలించుకున్న చోట్లూ ఉన్నాయి. ఆ పోట్లాట వాళ్లది. మన గుడి గురించి నేను పది పోస్టులు పెడతాను, అవును, అది నా ఇల్లు కాబట్టి. పక్కింట్లోకి దూరి అత్తాకోడళ్ల పంచాయితీ తీర్చను.

సాంబ్రాణి సంగతి. ఫైన్ వేసినందుకు మీకు కోపం రావడం న్యాయమే, ముందుగా అడిగితే అలారం ఆపి ఒక గది ఇచ్చే కాలేజీలు చాలా ఉన్నాయి. మీ వాళ్లు హిందూ విద్యార్థుల తరఫున అడగాలి, అడగండి. కానీ వాళ్లకు ఆ గది ఊరికే రాలేదు. 1884లో ఇండియన్ యాక్ట్‌ను, అంటే కెనడా ఆదివాసీల మీద పెట్టిన చట్టాన్ని, సవరించి పసిఫిక్ తీరంలోని పాట్లాచ్ వేడుకను నేరం చేశారు. 1895లో ఇంకో సవరణతో మైదాన ప్రాంతాల సన్ డ్యాన్స్ అనే వేడుక మీద పడ్డారు. జనాన్ని జైల్లో పెట్టారు, ముసుగులు, వస్తువులు గుంజుకుని మ్యూజియంలకు పంపారు. 1951 దాకా ఆ సెక్షన్లు పోలేదు. అమెరికాలో 1883 నుంచి ఇలాంటి నిబంధనలే ఉన్నాయి, ఆదివాసీల మత స్వేచ్ఛకు చట్టం 1978లో గానీ రాలేదు. మన హోమం చేసినందుకు కెనడా ఎవరినైనా జైల్లో పెట్టిందా? 1982 రాజ్యాంగంలో 35వ సెక్షన్ వాళ్ల హక్కుల్ని ప్రత్యేకంగా గుర్తించింది. ఒంటారియో పొగాకు చట్టంలో సంప్రదాయ వాడకానికి మినహాయింపు ఉంది. లాక్కున్నదాంట్లో కొంచెం తిరిగి ఇవ్వడాన్ని స్పెషల్ ట్రీట్‌మెంట్ అనుకుంటే ఎలా?

టల్సా_మామయ్య

పెద్దవాడిని, కాస్త నెమ్మదిగా టైపు చేస్తాను. ఓపిక పట్టండి.

అబ్బాయ్ గోదారోడూ, మొదటిసారి చూసినప్పుడు నాకూ అగ్నిహోత్రమే గుర్తొచ్చింది. ఎవరికైనా తన ఊరే గుర్తొస్తుంది. గుర్తు రావడం వేరు, అదే ఇది అని పదిమందికి ప్రకటించడం వేరు. అసలు ‘వాళ్లు’ అంటూ మీరంతా ఒకే గంపలో వేస్తున్నారు. ఆనిషినాబే వాళ్లు మంట చుట్టూ సవ్యంగా తిరుగుతారు, నువ్వు చూసింది అదే అయ్యుంటుంది. మీకు కూతవేటు దూరంలో గ్రాండ్ రివర్ ఒడ్డున ఉన్న హోదెనోషోనీ అనే ఇంకో ఆదివాసీ కూటమి వాళ్లు తమ లాంగ్‌హౌస్‌లో అపసవ్యంగా తిరుగుతారు. మనం అపసవ్యం ఎప్పుడు చేస్తామో నీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఏ మంట ‘మన హోమం’?

మా ఊళ్లో, అమెరికాలోని ఒక్లహోమా రాష్ట్రం టల్సాలో, జరిగింది వినండి. డౌన్‌టౌన్‌కు దక్షిణాన, షైయెన్ అవెన్యూలో ఇళ్ల మధ్య చిన్న పార్కు, అందులో ఒక పెద్ద ఓక్ చెట్టు. పక్కన కారు ఆపి చూస్తే ఏమీ అనిపించదు, నీడకు కుక్కను తిప్పుకునేవాళ్లు ఉంటారు. 1830లలో మస్కోగీ అనే ఆదివాసీ జనాన్ని అలబామా నుంచి తరిమేశారు. వాళ్లలో లోచపోక అనే ఊరివాళ్లు బయల్దేరేటప్పుడు తమ ఊరి నిప్పు బూడిదను మూట కట్టుకున్నారు. దారిలో ఎంతోమందిని పోగొట్టుకున్నారు. 1836లో ఈ చెట్టున్న గుట్ట దగ్గరికి చేరి, ఆ బూడిదను ఇక్కడ వేసి, దాని మీద కొత్త నిప్పు రాజేశారు. టల్సా అనే నగరం మొదలైంది అక్కడే.

అందులో నాకు అర్థమైంది ఏమిటంటే, మస్కోగీలకు నిప్పు పూజాసామగ్రి కాదు, అదే ఊరు. ఒక్కో ఊరికి ఒక్కో నిప్పు. ఏటా వేసవిలో కొత్త మొక్కజొన్న పండగకు పాత నిప్పును ఆర్పేసి, నాలుగు దిక్కులకు నాలుగు దుంగలు పేర్చి కొత్తది వెలిగిస్తారు. ఆ ఏడాది తగాదాలు, చిన్న నేరాలు కూడా దానితో మాఫీ అవుతాయట. ఈ పద్ధతి ఇప్పటికీ ఒక్లహోమాలో నడుస్తోంది, బయటివాళ్లకు ప్రచారం చేయకుండా.

ఇందాక చెప్పిన హోదెనోషోనీ అంటే ఆరు జాతుల కూటమి, అందులో ఒనొండాగా అనే జాతివాళ్ల సంగతి ఇంకోటి. ఆ కూటమి మొత్తానికీ మధ్య నిప్పును కాపాడే బాధ్యత వాళ్లది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో, 1777 జనవరిలో, రోగం వచ్చి నాయకులు చాలామంది పోయాక ఆ నిప్పు ఆరిందని కబురు పంపారు. ఆ తర్వాత ఏ పక్షాన నిలబడాలో జాతులు ఎవరికి వారే తేల్చుకున్నాయి. అంటే ఆ నిప్పు వాళ్లకు పార్లమెంటు లాంటిది. హోమగుండానికి ఈ పని మనం ఎప్పుడూ ఇవ్వలేదు నాయనా.

గోదారోడు_కిచెనర్

మామయ్య గారూ, ఇది చదివాక నా క్యాప్షన్ చిన్నదైపోయిందని ఒప్పుకుంటా, తప్పు అని మాత్రం ఒప్పుకోను. మీకు అగ్నిహోత్రం గుర్తు రాకపోయి ఉంటే ఆ చెట్టు దగ్గర ఆగేవారేనా?

అసలు గొడవ వీడియో గురించి కూడా. స్టాండింగ్ రాక్ సంగతి తీసుకోండి. 2016లో నార్త్ డకోటాలో, మిస్సోరీ నది కింద నుంచి ఆయిల్ పైప్‌లైన్ వేయొద్దని వేల మంది క్యాంపు వేశారు. నవంబర్ 20 రాత్రి గడ్డకట్టే చలిలో వాళ్ల మీద వాటర్ కెనన్లు కొట్టారు. ప్రపంచానికి ఎలా తెలిసింది? ఫోన్ల వల్లే. ఫోన్ తీయొద్దంటే వాళ్ల కథ ఎవరు చెబుతారు?

వాణి_విన్నిపెగ్

మంచి ఉదాహరణ, కానీ సగమే చెప్పావు. వాటర్ కెనన్లను తీయొద్దని ఎవరూ అనలేదు, తీయమనే అన్నారు. అదే క్యాంపు మధ్యలో ఉన్న సేక్రెడ్ ఫైర్ దగ్గర మాత్రం ఫోటోలు వద్దన్నారు. ప్రార్థన జరిగేటప్పుడు కెమెరాలు దించమన్నారు. ఏది లోకానికి చూపించాలో, ఏది తమ దగ్గర ఉంచుకోవాలో తేల్చుకున్నది వాళ్లు. నువ్వు ఆ ఫైర్ కీపర్‌ని అడిగావా?

గోదారోడు_కిచెనర్

బోర్డు లేదు కదా అక్క.

తిక్క_శంకరయ్య

తిరుపతిలో ఆనంద నిలయం ముందు ఫోన్ తీయాలంటే బోర్డు కోసం వెతుకుతావా తమ్ముడూ?

మూడోబెంచి

శంకరయ్య గారూ, అక్కడ ఫోన్ లాకర్‌లో పెట్టిస్తారు, మీ పోలిక చెల్లదు.

కాన్‌బెర్రా_కిరణ్

ఆస్ట్రేలియా నుంచి ఒక మాట. ఇక్కడ పాత పార్లమెంటు భవనం ఎదురుగా అబొరిజినల్ టెంట్ ఎంబసీ, అంటే ఇక్కడి ఆదివాసీలు భూమి హక్కుల కోసం వేసిన నిరసన శిబిరం, ఉంది. 1972 జనవరి 26న నలుగురు కుర్రాళ్లు బీచ్ గొడుగు పాతి మొదలుపెట్టారు. అక్కడ శాంతి, న్యాయం కోసం అంటూ 1998లో వెలిగించిన సేక్రెడ్ ఫైర్ ఉంది. 2021 చివర్లో బయటి నుంచి ఒక గుంపు వచ్చింది. చట్టాలు మాకు వర్తించవనే బ్యాచ్, వ్యాక్సిన్ వ్యతిరేకులు కలిశారు. డిసెంబర్ 30న భవనం ద్వారం దగ్గర స్మోకింగ్ సెరిమనీ (ఆకులు కాల్చి పొగ వేసే ఆదివాసీ ఆచారం) పేరుతో పెట్టిన నిప్పు తలుపులకు అంటుకుంది. మాకూ దానికీ సంబంధం లేదని ఎంబసీవాళ్లు ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. యాభయ్యో వార్షికోత్సవానికి నెల కూడా లేదు అప్పటికి. టీవీలో మాత్రం వారం రోజులు కాలిన తలుపులే.

గోదారోడు_కిచెనర్

కిరణ్ గారూ, నా రీల్‌కీ తలుపులు కాల్చడానికీ పోలికా? టెన్షన్ పెట్టకండి.

కాన్‌బెర్రా_కిరణ్

నువ్వు ఏదీ కాల్చలేదు, నాకు తెలుసు. ఆ గుంపు చేసిన పని మొదట ఒక్కటే: ఈ మంటకు అర్థం మేం చెబుతాం అన్నారు. నువ్వు అన్నది మర్యాదగా అన్నావు. రెంటికీ చాలా దూరం ఉంది, కాదనను. అయితే రెండు చోట్లా కీపర్‌ని ఎవరూ అడగలేదు.

మూడోబెంచి

సరే, తిట్లు ఆపి పనికొచ్చేది చెప్పండి. వచ్చే ఏడు మా బ్యాచ్ వెళ్తే ఏం చేయాలి? కొబ్బరికాయ, కర్పూరం తీసుకెళ్లొద్దని అర్థమైంది.

వాణి_విన్నిపెగ్

కర్పూరం అస్సలు వద్దు. విడి పొగాకు చిన్న పొట్లం తీసుకెళ్లండి, సిగరెట్లు విరిచిన పొడి కాదు. వెళ్లగానే కీపర్‌కు ఇచ్చి, మేం కూర్చోవచ్చా అని అడగండి. ముందు రోజు రాత్రి మందు కొట్టి ఉంటే వెళ్లకండి. మంట దాటి అవతలికి వెళ్లాలంటే ఎటు నుంచి తిరగాలో ఆయనే చెబుతాడు. భోగి మంటలో పాత కుర్చీలు వేసినట్టు ఇందులో ఏదీ వేయకూడదు, కాఫీ కప్పు, టిష్యూ, పుల్ల ఐస్‌క్రీం పుల్ల కూడా. టిష్యూలను వాళ్లే వేసిన సందర్భం పైన చెప్పాను, అది వాళ్ల నిర్ణయం. మీకు చేతనైతే కట్టెలు చీల్చి ఇవ్వండి. రాత్రి రెండు గంటలకు కీపర్ ఒక్కడే ఉంటాడు, ఫ్లాస్కులో వేడి టీ పట్టుకెళ్లినవాణ్ని ఎవరూ కాదనరు. ఫోటో కావాలంటే అడగండి. వద్దంటే అలగకండి.

గోదారోడు_కిచెనర్

టీ నేను తెస్తా. కట్టెలు మూడోబెంచి కొడతాడు. రీల్ సంగతి మాత్రం సోమవారం మా కాలేజీ ఆదివాసీ సెంటర్లో అడుగుతాను, వాళ్లు తీయమంటే తీస్తా, మీరంతా అన్నారని కాదు.

మూడోబెంచి

కట్టెలు కొడతా. పొడుగు స్కర్ట్ రూల్ మీద నా అభ్యంతరం అలాగే ఉంది, వాణి గారూ. అక్కడికి వెళ్లినప్పుడు ఆ ఆడవాళ్లనే అడుగుతాను, వాళ్లకు మాట్లాడాలని ఉంటే.