కచ్ అమ్మోనైట్‌ను గుర్తుపట్టడం ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. కచ్‌లోని భుజ్‌లో పనిచేసే మా బావ మొన్న సెలవులకు వస్తూ అరచేతిలో పట్టేంత అమ్మోనైట్ (ఎప్పుడో అంతరించిపోయిన, పెంకున్న సముద్ర జీవి) శిలాజం తెచ్చిచ్చాడు. జురాసిక్ కాలం నాటిదట. పొట్టేలు కొమ్ములా చుట్ట తిరిగి ఉంది, పైన వరసగా గట్లు. పెంకు ఊడిన చోట ఆకు అంచులా వంకర్లు పోయిన సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. లోపలి గదుల గోడలు పెంకును తాకిన గుర్తులట అవి.

చూడగానే నాయనమ్మ పూజలోని సాలగ్రామం గుర్తొచ్చింది. గండకీ నదిలో దొరికే సాలగ్రామాలూ అమ్మోనైట్లేనని చదివాక రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను.

మా దగ్గర వడధంలో డైనోసార్ ఎముకలు, రాయిగా మారిన చెట్ల మానులు దొరికాయి. కానీ అమ్మోనైట్లు సముద్ర జీవులు కదా. మావి నదులు, చెరువుల్లో పేరుకున్న రాళ్లు. అందుకే ఇక్కడ వెతికి లాభం లేదనుకుంటున్నాను, సరేనా?

అసలు ప్రశ్న ఇది. ఆ గీతలు, గట్లను బట్టి రకం చెప్పొచ్చా? ఏ ఊళ్లో, ఏ పొరలో దొరికిందో బావ రాసుకోలేదు. ఒక పక్క సున్నపురాయి అంటుకుని ఉంది. వెనిగర్ పోస్తే శిలాజం కూడా కరిగిపోతుందేమోనని టెన్షన్. సూదితో మెల్లగా గీకితే చాలా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.