అద్దె కోసం అప్పు చేసి ఇల్లు కొనాలా, రీట్ యూనిట్లు సరిపోతాయా?

ప్రశ్న:
ఇంటి ఖరీదులో ఐదోవంతు నా దగ్గరుంది. మిగతాది లోన్ తీసుకుని కొంటే అద్దెతోనే వాయిదాలు తీరిపోతాయని మావాళ్లు అంటున్నారు. ఆ డబ్బు రీట్‌లో (చాలామంది డబ్బుతో అద్దె ఆస్తులు కొని నడిపే సంస్థ; దాని వాటాలే యూనిట్లు) పెట్టమని ఒక ఫ్రెండ్ సలహా. మీరేమంటారు?

జవాబు 1:
ఇల్లే కొనండి. అద్దె పెరుగుతూ పోతుంది, స్థిర వడ్డీ లోన్ అయితే వాయిదా పెరగదు. రిపేర్లు చేయించి, ఇంకో గది వేసి విలువ పెంచుకోవచ్చు. రీట్‌లో మన మాట చెల్లదు.

జవాబు 2:
అద్దెతోనే వాయిదాలు తీరతాయన్న దగ్గరే నాకు అభ్యంతరం. ఇంటి ఖరీదు 100, ఏడాది అద్దె 4 అనుకుందాం. ఒక నెల ఖాళీగా ఉండి, పన్ను, బీమా, రిపేర్లు పోతే మిగిలేది 3 లోపే. లోన్ 80, వడ్డీ 8 శాతం అయితే మొదటి ఏడాది వడ్డీయే సుమారు 6.4. తీసుకున్న అసలు తీర్చడానికి కట్టేది దీనికి అదనం. అంటే వడ్డీకే 3కు పైగా జీతంలోంచి వేయాలి. దీన్ని అద్దె ఆదాయం అని ఎలా అంటాం? ధర పెరుగుతుందన్న ఆశ మీద పెట్టిన డబ్బు ఇది. ధర 20 శాతం పడితే మీ 20 పోయినట్టే, అప్పు మాత్రం తగ్గదు. 2008 సంక్షోభంలో అమెరికాలో ఎందరో ఇళ్లు పోగొట్టుకున్నారు.

లోన్ సగానికి మించకుండా, ఖర్చులు పోను మిగిలే అద్దె వడ్డీ కంటే ఎక్కువైతే నేనూ ఇల్లే కొనమంటాను.

జవాబు 1:
ధర 5 శాతం పెరిగితే మీ లెక్క ప్రకారమే లాభం కదండీ! పైగా రీట్లు భద్రమా? 2022లో వడ్డీ రేట్లు పెరిగేసరికి అమెరికా రీట్ల ధరలు బాగా పడ్డాయి.

జవాబు 2:
పడ్డాయి, నిజమే. రీట్‌లో ఆఫీసులు, మాల్స్ లాంటి ఆస్తుల అద్దెలో వాటా వస్తుంది. అమెరికాలో 1960లో మొదలైన ఈ పద్ధతిలో, అక్కడి చట్టం ప్రకారం పన్ను లెక్కకొచ్చే ఆదాయంలో ఇప్పుడు కనీసం 90 శాతం పంచాలి. కానీ అద్దెలు తగ్గితే మనకొచ్చేదీ తగ్గుతుంది. నాకు ముఖ్యమనిపించేది వేరే: అప్పు లేకుండా కొన్నప్పుడు ధర పడినా ఆగొచ్చు, అవసరానికి కొన్ని యూనిట్లే అమ్ముకోవచ్చు. ఇంట్లో ఒక గది అమ్మలేం.

ప్రశ్న అడిగినవారికి ఒక మాట: మీరు కొనాలనుకునే ఇంటి పక్కవాళ్లు నిజంగా ఎంత అద్దె కడుతున్నారో కనుక్కుని చెప్పండి. బ్రోకర్ చెప్పిన అంకె వద్దు.